సార్వా వరి చైనాది, దాని కింద చల్లే పెసర మనది

ఇది పెద్ద పోస్టు. పనులన్నీ అయ్యాక తీరుబడిగా చదవండి.

కోతకు రెండు మూడు రోజుల ముందు, వరి ఇంకా నిలబడి ఉండగానే, చేలో పదును చూసుకుని పెసలో మినుములో చల్లేస్తాం కదా. వరి కోసి పనలు తీసేసరికి కింద మొలక లేచి ఉంటుంది. దుక్కి లేదు, దమ్ము లేదు. నేలలో మిగిలిన చెమ్మ, రాత్రి పడే మంచు, అంతే దాని బతుకు. పెడన, గూడూరు, బంటుమిల్లి, అటు గుడివాడ, ఇటు దివిసీమ, ఎక్కడ చూసినా ఇదే పద్ధతి. ఆ రెండు మూడు రోజులూ ఒకే మడిలో రెండు పంటలు ఉంటాయి. పైన పండిన వరి, దాని కాళ్ల దగ్గర నానుతున్న పెసర.

ఈ రెండింటి పుట్టిళ్లూ వేరు. ఒకటి నాలుగు వేల కిలోమీటర్ల అవతల, చైనాలో యాంగ్జీ నది దిగువన మచ్చికైంది. ఇంకోటి మన దక్కను మెట్ట మీద, ఆవుల మందలు కాసుకునే వాళ్ల చేతుల్లో మచ్చికైంది. రెండూ కొత్త రాతియుగం పనులే. అంటే ఇనుము లేదు, రాగి కూడా దాదాపు లేదు. రాయిని రాయి మీద నూరి గొడ్డలి చేసుకున్న కాలం.

మన ప్రాంతం చరిత్ర అనగానే ఘంటసాల స్తూపం, బందరు రేవు, డచ్చివాళ్లు, కలంకారీ గుర్తొస్తాయి. అంతకుముందు ఏముందయ్యా అంటే మన కాళ్ల కింద పెద్దగా దొరకదు. కారణం సులువు. ఆ కాలానికి మన నేల ఇంకా తయారవుతూ ఉంది. ఆరేడు వేల ఏళ్ల కిందట సముద్రం ఇప్పటికంటే చాలా లోపలికి ఉండేదని, కృష్ణ మోసుకొచ్చిన ఒండ్రు మీద డెల్టా మెల్లమెల్లగా ముందుకు జరిగిందని భూగర్భ శాస్త్రం చదివినవాళ్లు చెబుతారు. మన ఊళ్ల మధ్య సముద్రానికి అడ్డంగా పొడుగ్గా సాగే ఇసుక మేరలు ఒకప్పటి ఒడ్డులే. కాబట్టి మన చేలో పంట కథ వెతకాలంటే ఒక చూపు తూర్పుగా చైనా మీద, ఇంకో చూపు కృష్ణ ఎగువన మెట్ట మీద వెయ్యాలి.

ముందు వరి సంగతి.

1973లో చైనాలోని జెజియాంగ్ రాష్ట్రంలో, హెముదు అనే ఊళ్లో రైతులు నీళ్లు తోడే పంపింగ్ స్టేషన్ కట్టుకోవడానికి నేల తవ్వుతున్నారు. మన మురుగు కాలవల పక్కన ఎలా ఉంటుందో అలాంటి నల్లటి జవురు నేల. కుండ పెంకులు, ఎముకలు, చెక్కలు బయటపడ్డాయి. పురావస్తు శాఖవాళ్లు వచ్చి తవ్వితే సుమారు 7000 ఏళ్ల కిందటి ఊరు. నీళ్లలో, గాలి తగలకుండా ఉండిపోవడంతో మామూలుగా మట్టిలో కలిసిపోయేవన్నీ అలాగే మిగిలాయి. చిత్తడిలో నిట్రాళ్లు పాతి, వాటి మీద కట్టిన చెక్క ఇళ్లు. ఆ చెక్కలను మేకు లేకుండా, ఒకదానికి తొర్ర చేసి ఇంకోదాన్ని అందులో దూర్చి బిగించారు. మన వడ్రంగి ఇప్పటికీ ద్వారబంధానికి చేసే పనే అది. ఉలి మాత్రం రాతిది.

అన్నిటికంటే నన్ను పట్టేసింది వడ్లు. గింజ, ఊక, గడ్డి, ఆకు కలిసి కొన్నిచోట్ల మూరెడు మందాన పేరుకుని ఉన్నాయట. కొన్ని బయటికి తీసిన క్షణంలో బంగారు రంగులో ఉండి, గాలి తగలగానే నల్లబడిపోయాయని అంటారు. నూర్పిడి కళ్లం ఒకటి అలాగే మునిగిపోయిందేమో అనిపిస్తుంది. పక్కనే వందకు పైగా ఎముక పారలు. పశువు భుజం ఎముక వెడల్పుగా పలకలా ఉంటుంది కదా, దాన్ని కర్రకు కట్టి పారలా వాడారు. జవురు నేలలో పని చేసినవాళ్లకి తెలుసు, బరువైన పనిముట్టు అక్కడ పనికిరాదు. తేలిగ్గా, వెడల్పుగా ఉండాలి.

హెముదుకు ముందు చైనా వాళ్ల చరిత్ర పుస్తకాల్లోనూ ఒక గీత ఉండేది. నాగరికత అంతా ఉత్తరాన పచ్చ నది, అంటే హువాంగ్ హో దగ్గరే పుట్టిందని, దక్షిణం వాళ్లు దాన్ని అందుకున్నారని. 1921లో ఆండర్సన్ అనే స్వీడన్ భూగర్భ శాస్త్రజ్ఞుడు హెనాన్‌లోని యాంగ్‌షావ్ ఊళ్లో రంగుల కుండలు తవ్వి తీసిన దగ్గర్నుంచి ఆ మాటే బలపడింది. 1973 తర్వాత ఆ గీత చెరిగింది. దక్షిణాన చిత్తడి నేలల్లో బతికినవాళ్లు కూడా అంతే పాతవాళ్లని తేలింది. ఈ విషయం గుర్తు పెట్టుకోండి, మన దగ్గరా ఇలాంటిదే జరిగింది, కింద చెబుతాను.

హెముదు వాళ్లే మొదటివాళ్లని కాదు. అదే రాష్ట్రంలో షాంగ్‌షాన్ అనే చోట సుమారు 10,000 ఏళ్ల నాటి కుండ పెంకుల్లో వడ్ల ఊక కలిసి ఉంది. మట్టి పగలకుండా ఊక కలిపారన్నమాట. మన పెద్దవాళ్లు మట్టి గోడకు ఊక కలిపి మెత్తినట్టు. అంటే పదివేల ఏళ్ల కిందట వడ్లు దంచేవాళ్లు ఉన్నారు. మరి అది పండించిన వరా, ఏరుకొచ్చిన వరా?

ఇక్కడ నివ్వరి సంగతి చెప్పాలి. నివ్వరి అంటే అడవి వరి, సంస్కృతంలో నీవారం. మంత్రపుష్పంలో సన్నటి జ్వాలను నీవారం ముల్లుతో పోలుస్తారు, ఆ నీవారమే. అడవి వరికి మనుషులతో పని లేదు. గింజ పండగానే రాల్చేస్తుంది. రాలకపోతే దాని వంశం నిలవదు. ఒకే కంకిలో కొన్ని పండి, కొన్ని పచ్చిగా, కొన్ని అప్పటికే రాలిపోయి ఉంటాయి. దాన్ని కోసుకోవడం ఎంత చిరాకో ఊహించండి. కానీ వేల మొక్కల్లో ఎక్కడో ఒకటి, గింజ రాల్చడం చేతకాని అవిటిది పుడుతుంది. అడవిలో అది చచ్చిపోతుంది. మనిషి చేతిలో పడితే మాత్రం కంకి ఇంటికి చేరేది దానిదే. రాలినవి నేలపాలు, రాలనివి బుట్టలోకి. మళ్లీ ఏడు విత్తనంగా పడేవి ఆ బుట్టలోవే. అలా ఏటికేడూ, ఎవరూ అనుకోకుండానే, రాలని రకం పెరిగింది.

ఎంత మెల్లగా పెరిగిందో కొలిచి చూపించారు. హెముదుకు ఏడు కిలోమీటర్ల దూరంలో తియాన్‌లువోషాన్ అని ఇంకో ఊరు తవ్వారు. అక్కడి వడ్ల తొడిమలను భూతద్దాల కింద పెట్టి, ఏది దానంతటదే రాలింది, ఏది నూరిస్తేనే ఊడింది అని విడదీశారు. దానంతటదే రాలిన తొడిమ నున్నగా ఉంటుంది, నూర్చినది చిరిగినట్టు ఉంటుంది. 2009లో అచ్చయిన ఆ లెక్క ప్రకారం సుమారు 300 ఏళ్లలో రాలని రకం 27 శాతం నుంచి 39 శాతానికి పెరిగింది. మూడు వందల ఏళ్లంటే పది పన్నెండు తరాల రైతులు. ఒక తాత జీవితంలో మారింది రెండు మూడు శాతమే. ఆ తాతకి తను ఏదో చేస్తున్నానని తెలిసే వీలే లేదు. పైగా అప్పటికి వాళ్ల తిండిలో వరి వాటా కూడా చిన్నదే, సింధూర కాయలు, నీటిలో పెరిగే కాయలు, చేపలే ఎక్కువ. ఆ మూడు వందల ఏళ్లలోనే వాళ్లు తిన్న మొక్కల అవశేషాల్లో వరి 8 శాతం నుంచి 24 శాతానికి వచ్చింది.

మన కోత మిషను గంటలో ఎకరం కోసి గింజంతా తొట్టెలో పోస్తుందంటే, ఆ గింజ కంకికి అంటిపెట్టుకుని ఉండబట్టే. ఇంజను కనిపెట్టినవాడి పేరు తెలుసు. ఆ గింజను రాలకుండా చేసినవాళ్లవి ఒక్క పేరూ తెలియదు.

తర్వాత మడుల సంగతి. సుజౌ దగ్గర చావోషియేషాన్ అనే చోట సుమారు 6000 ఏళ్ల నాటి వరి మడులు బయటపడ్డాయి. చాలావాటి విస్తీర్ణం మూడు నుంచి ఐదు చదరపు మీటర్లు. మన ఆకుమడి కూడా అంతకంటే పెద్దది! పల్లపు గుంతల్లాంటివి, వాటిని కలుపుతూ చిన్న బోదెలు, పక్కన నీటి గుంటలు. మరో పదిహేను వందల ఏళ్లకు, లియాంగ్‌జు కాలానికి వచ్చేసరికి మావోషాన్ అనే చోట అర ఎకరం దాకా ఉన్న మడులు, మధ్యలో నడిచే గట్లు, కాలవలు. రాతి నాగలి కర్రులూ దొరికాయి.

లియాంగ్‌జు గురించి కాస్త ఆగి చెప్పాలి. హాంగ్‌జౌ నగరం పక్కన, క్రీ.పూ. 3300 నుంచి 2300 దాకా నడిచిన పట్నం. 2019లో యునెస్కో జాబితాలో చేర్చారు. పచ్చల రాళ్లతో చేసిన నగలు, సమాధులు, గోడలు, అవన్నీ చూపిస్తారు గానీ, డెల్టా రైతు చూడాల్సింది వాళ్ల కట్టలు. ఊరికి ఎగువన కొండల మధ్య వరుసగా మట్టి ఆనకట్టలు కట్టారు. ఎలా కట్టారంటే, చిత్తడిలో బురదను ముద్దలుగా తీసి, పొడుగాటి గడ్డిలో చుట్టి, దారంలా కట్టి, ఆ మూటలను ఒకదాని పక్కన ఒకటి పేర్చారు. తవ్వినప్పుడు ఆ గడ్డి ఇంకా కనిపించింది. కాలవకు గండి పడితే మనం ఏం చేస్తాం? ఇసుక బస్తాలు. బస్తా లేని రోజుల్లో? గడ్డి మోపు, మట్టి. 5000 ఏళ్ల కిందట వాళ్లకీ అదే తోచింది. నీళ్ల ముందు మనుషులందరి బుర్రా ఒకేలా పనిచేస్తుందేమో.

ఆ పట్నం చివరికి ఏమైంది అంటే, పైన పసుప్పచ్చని ఒండ్రు పొర కప్పేసి ఉంది. క్రీ.పూ. 2300 ప్రాంతంలో విపరీతమైన వానలు, వరదలు కారణమని ఈమధ్య గుహల్లో పెరిగే సున్నపు రాళ్ల పొరలు చదివి అంచనా వేశారు. 1977 నవంబరు 19 తర్వాత దివిసీమ చూసినవాళ్లకి ఈ మాట విడమర్చి చెప్పక్కర్లేదు.

ఇంతవరకూ బాగానే ఉంది, ఆ చైనా వరికీ మన వరికీ ఏమిటి సంబంధం అంటారా. రెండు దారుల్లో ఉంది, ఒకటి పాతది, ఒకటి మొన్నటిది.

పాతది ఇలా. గంగ మైదానంలో కూడా మనవాళ్లు చాలా ముందునుంచే వరి తిన్నారు, ఉత్తరప్రదేశ్‌లోని లహురాదేవా తవ్వకాల్లో అది కనిపించింది. కానీ అది అడవి లక్షణాలు పూర్తిగా పోని వరి అని చాలామంది అభిప్రాయం. సుమారు 4000 ఏళ్ల కిందట చైనా వైపు నుంచి మచ్చికైన వరి ఇక్కడికి చేరి, మన వరితో కలిసింది. ఆ సంకరం నుంచే ఇండికా వరి పూర్తి పంటగా మారిందని చెబుతారు. దీనికి ఒక ఆధారం జన్యువుల్లో ఉంది. గింజ రాలకుండా ఆపే ఒక జన్యువును 2006లో పట్టుకున్నారు, దానిలో మారింది ఒకే ఒక్క అక్షరం. చైనా, జపాన్ వాళ్ల జపానికా వరిలోనూ, మన ఇండికా వరిలోనూ అదే చోట అదే మార్పు. రెండు చోట్ల విడివిడిగా అచ్చం ఒకే పొరపాటు జరగడం కష్టం కాబట్టి, ఒకచోట పుట్టి ఇంకోచోటికి వెళ్లిందంటారు. కాదు, ఇండికా ఇక్కడ విడిగానే మచ్చికైంది అని వాదించే శాస్త్రవేత్తలూ ఉన్నారు. నాకైతే మొదటి వాదనే బలంగా కనిపించింది.

మొన్నటి దారి మీద మాత్రం ఎవరికీ తగువు లేదు, ఎందుకంటే అది రిజిస్టర్లలో రాసి ఉంది. మన సాంబ మసూరి, అదే బీపీటీ 5204, 1986లో బాపట్ల నుంచి వచ్చింది. దాని తల్లిదండ్రులు ఎవరు? జీఈబీ 24 అనే పాత మద్రాసు రకాన్ని తైచుంగ్ నేటివ్ 1తో కలిపి, ఆ వచ్చినదాన్ని మసూరితో కలిపారు. తైచుంగ్ నేటివ్ 1 తైవాన్‌ది. దాని పొట్టితనం డీ-జియో-వూ-జెన్ అనే చైనా పేరున్న పొట్టి రకం నుంచి వచ్చింది. 1966లో ఫిలిప్పీన్స్ నుంచి వచ్చిన ఐఆర్ 8 కూడా ఆ పొట్టి రకం సంతానమే. మరుసటేడు ఆచంట రైతు నెక్కంటి సుబ్బారావు గారు పండించి దేశానికి చూపించింది దాన్నే.

ఇక మసూరి. పేరు చూసి మన మైసూరు అనుకుంటారు చాలామంది. కటక్‌లో నడిచిన ఇండికా, జపానికా సంకర పథకంలో పుట్టి, మలయాలో ఎంపికై, 1965లో అక్కడ విడుదలైన రకం అది. దాని ఒక పక్క మలయా నాటు వరి, ఇంకో పక్క తైచుంగ్ 65 అనే జపానికా. అంటే యాంగ్జీ చిత్తడిలో మచ్చికైన వరి జపాను చేరి, జపాను నుంచి తైవాను, తైవాను నుంచి కటకు, కటకు నుంచి మలయా, మలయా నుంచి బాపట్ల, బాపట్ల నుంచి మన మడి. స్వర్ణ కూడా, మార్టేరు ఎంటీయూ 7029, మసూరి కూతురే. 2017లో చైనా ప్లాస్టిక్ బియ్యం వచ్చేసిందని ఊరూరా వీడియోలు తిరిగాయి గుర్తుందా, అన్నం ముద్ద చేసి నేలకేసి కొట్టి మరీ చూపించారు. పరీక్షల్లో మామూలు బియ్యమేనని తేలింది. ఆ ముద్దలో చైనా ఉన్నమాట మాత్రం నిజమే, ప్లాస్టిక్ రూపంలో కాదుగానీ!

ఇంకో తమాషా. ఉత్తర చైనాలో వరి లేదు, అక్కడి కొత్త రాతియుగపు జనం తిన్నది కొర్రలు, వరిగలు. హెబెయ్‌లోని సిషాన్ అనే చోట వందల పాతర్లు తవ్వి తీశారు, వాటిలో ఎనభై దాకా పాతర్లలో చిరుధాన్యం మగ్గి బూడిదలా మిగిలింది. యాంగ్‌షావ్ జనం తిండీ అదే. ఇప్పుడు ఆరోగ్యం కోసమని బజార్లో కిలోల లెక్కన కొంటున్న కొర్రలు, మన పూర్వీకుల తిండి అని రాసి అమ్ముతున్నవి, పుట్టుకతో ఉత్తర చైనావే. వచ్చి మూడు నాలుగు వేల ఏళ్లయింది కాబట్టి మనవే అనుకున్నా తప్పులేదు. కానీ పుట్టుకతోనే మనది అనాలంటే అండుకొర్రలు.

అలా మన పుట్టింటి పంటల దగ్గరికి వచ్చాం.

కృష్ణకు ఎగువన, రాయచూరు, బళ్లారి, మహబూబ్‌నగర్, అనంతపురం ప్రాంతాల్లో వందకు పైగా బూడిద దిబ్బలు ఉన్నాయి. కొన్ని రెండు తాడిచెట్ల ఎత్తు లేకపోయినా, ఇంటి ఎత్తుకు తక్కువ ఉండవు. లోపల మెత్తటి బూడిద, కొన్ని పొరల్లో కాలి కరిగి గాజులా గట్టిపడిన చిట్టెం. జనం రాక్షసులను కాల్చిన బూడిద అనేవారు. దొరల్లో కొందరు అగ్నిపర్వతం అన్నారు, కొందరు ఇనుప కొలిమి అన్నారు. రాబర్ట్ బ్రూస్ ఫూట్ 19వ శతాబ్దంలోనే ఇది పశువుల పేడ కాలిన బూడిద అని చెప్పినా, వాదన తెగడానికి ఇంకో డెబ్భై ఎనభై ఏళ్లు పట్టింది.

తెగ్గొట్టింది ఉట్నూరు. ఆదిలాబాద్ ఉట్నూరు కాదు, పాత మహబూబ్‌నగర్ జిల్లా మక్తల్ వైపుది. 1957లో రేమండ్ ఆల్చిన్ అక్కడి దిబ్బ తవ్వితే మొద్దులు పాతి కట్టిన పశువుల దొడ్డి గుంటలు వరుసగా కనిపించాయి. దొడ్డి కాలింది, మళ్లీ కట్టారు, మళ్లీ కాలింది. బూడిద పొర మీద ఆవుల గిట్టల ముద్రలు అచ్చుగుద్దినట్టు ఉన్నాయి. సుమారు 4500 ఏళ్ల కిందట సాయంత్రం పూట మంద దొడ్లోకి నడిచిన ముద్రలు. 1963లో ఆయన ఆ కొత్త రాతియుగపు పశుకాపరుల మీద పుస్తకం రాశారు. అనంతపురం జిల్లా పాలవాయి దిబ్బను వి. రామిరెడ్డి గారు తవ్వారు. కర్ణాటకలో బూదిహాళ్ దిబ్బను కె. పద్దయ్య గారు తవ్వి, అది ఉట్టి దొడ్డి కాదు, పక్కనే ఇళ్లున్న ఊరని చూపించారు.

రైతుగా నన్ను తినేసే ప్రశ్న ఒకటే. అంత పేడ ఎందుకు తగలబెట్టారు? పశువుల ఎరువు ట్రక్కుకి ఎంత పలుకుతుందో మనకి తెలుసు. ఆల్చిన్ ఇది ఏటా కొన్ని రోజుల్లో చేసే పశువుల పండగ మంట అనుకున్నారు, ఇప్పటికీ హోళీ, దీపావళి, సంక్రాంతి రోజుల్లో కొన్నిచోట్ల పశువులను మంట దాటించే ఆచారంతో పోల్చారు. చదువుతుంటే నాకు భోగి పిడకల దండ గుర్తొచ్చింది. అది రుజువేం కాదు, గుర్తొచ్చిందంతే. రోగాలు, ఈగలు పోవడానికి కాల్చారనేవాళ్లూ ఉన్నారు. నా మటుకు నాకు, ఎరువు అవసరమయ్యేంత సేద్యం వాళ్లకి అప్పటికి లేదనిపిస్తుంది. మెట్ట విస్తారంగా ఉంది, ఒక చెలక నిస్సత్తువైతే ఇంకోటి. నేలకి కరువొచ్చాకే పేడకి విలువొచ్చింది. తమాషా ఏమిటంటే, వేల ఏళ్ల తర్వాత ఆ చుట్టుపక్కల రైతులే ఆ బూడిదను ఎరువుగా బళ్ల మీద చేలకు తోలుకెళ్లారు. కొన్ని దిబ్బలు అలాగే మాయమయ్యాయి.

వాళ్లు ఏం పండించారో చాలాకాలం ఎవరూ సరిగ్గా చూడలేదు. 1990ల చివర్నుంచి డోరియన్ ఫుల్లర్, రవి కోరిశెట్టర్, పి.సి. వెంకటసుబ్బయ్య గార్లు బళ్లారి దగ్గర సంగనకల్లుతో మొదలుపెట్టి, కడప జిల్లా పెద్దముడియం, హనుమంతరావుపేట, అనంతపురం వైపు వేల్పుమడుగు, కర్నూలు వైపు ఊళ్లలో మట్టి తీసి నీళ్లలో కలిపారు. పద్ధతి చాలా సులువు. బొగ్గయిన గింజ తేలుతుంది, మట్టి మునుగుతుంది. విత్తనం ఉప్పునీళ్లలో వేసి తాలు తీసినట్టే. తేలినవి ఏమిటంటే పెసలు, ఉలవలు, అండుకొర్రలు, ఇంకో గడ్డి జాతి చిరుధాన్యం. గోధుమ, బార్లీ తర్వాత అక్కడక్కడా వచ్చాయి, చిక్కుడు, సజ్జ, రాగి ఆఫ్రికా నుంచి ఇంకా తర్వాత. వరి? దాదాపు లేదు. దక్షిణంలో వరి గట్టిగా కనిపించేది ఇనుప యుగంలోనే.

మనకి బళ్లో చెప్పిన చరిత్రలో సేద్యం సింధు లోయలో మొదలై, గంగకు వచ్చి, చివరికి దక్షిణానికి చేరింది. మనం అందుకున్నవాళ్లం. ఆ బొగ్గు గింజలు చెప్పేది వేరు. పెసర, ఉలవ, అండుకొర్ర అడవి రూపాలు ఇక్కడి కనుమల్లో, మెట్టల్లో ఉన్నవే, ఇక్కడివాళ్లే వాటిని ఇంటికి తెచ్చుకున్నారు. హెముదు తర్వాత చైనా దక్షిణానికి వచ్చిన మర్యాద, ఈ గింజల తర్వాత మన దక్షిణానికీ వచ్చింది. పండితుల పుస్తకాల్లో అయితే వచ్చింది, బడి పుస్తకాల్లోకి సరిగా రాలేదు. మినుము సంగతి చెప్పకపోతే మీరు ఊరుకోరు. దాని అడవి రూపం పశ్చిమ కనుమలదే, మచ్చికైంది మాత్రం కొంచెం ఉత్తరాన, గుజరాత్, మహారాష్ట్ర వైపు కావచ్చంటారు.

ఉలవచారు గుడివాడదా బెజవాడదా అని కొట్టుకునేవాళ్లకి ఒక మాట. ఎద్దులకు ఉడకేసిన ఉలవల నీళ్లతో కాచే ఆ చారు గింజ, పశువులనే నమ్ముకుని బతికిన ఆ మెట్ట జనం చేతుల్లో పంటైంది. కడప, కర్నూలు వాళ్లకి కూడా వాటా ఇవ్వాలి.

ఆ జనానివే ఇంకొన్ని ఆనవాళ్లు మనకు నీళ్లొచ్చే దారిలోనే ఉన్నాయి. నాగార్జునసాగర్ కట్టకముందు, 1954 నుంచి 1960 దాకా ఆర్. సుబ్రహ్మణ్యం గారి ఆధ్వర్యంలో నాగార్జునకొండ లోయంతా తవ్వారు. ఇక్ష్వాకుల స్తూపాలే అందరికీ గుర్తు. వాటికంటే చాలా ముందరి కొత్త రాతియుగపు గుంతల ఇళ్లు, నూరిన రాతి గొడ్డళ్లు, సమాధులు కూడా దొరికాయి. సరిగ్గా అదే 1954లో చైనాలో షియాన్ పక్కన బాన్‌పో అనే యాంగ్‌షావ్ ఊరు తవ్వడం మొదలైంది. అక్కడా గుంత తవ్వి కట్టిన ఇళ్లే. పోయిన పసిబిడ్డలను కుండలో పెట్టి ఇంటి పక్కనే పాతిపెట్టారు, మూతకు చిన్న కన్నం ఉంచి. మన దక్షిణాది కొత్త రాతియుగపు జనం కూడా పసిబిడ్డలను కుండల్లోనే, ఇంటి నేలలోనో ఇంటి పక్కనో పాతారు. ఒకళ్ల సంగతి ఒకళ్లకి తెలిసే దారి లేదు. పెద్దవాళ్లను దూరంగా పంపగలిగారు, బిడ్డలను పంపలేకపోయారు. బాన్‌పో మీద మ్యూజియం కప్పు వేశారు. మన లోయ మీదికి నీళ్లొచ్చాయి. ఆ నీళ్లే మన సార్వా పండించాయి కాబట్టి నేను ఫిర్యాదు చెయ్యను. దొరికినవి కొన్ని కొండ మీది మ్యూజియంలో ఉన్నాయి. లాంచీలో వెళ్లినవాళ్లు శిల్పాల దగ్గరే ఆగిపోకుండా రాతి పనిముట్లున్న అద్దాల పెట్టెల దగ్గరా రెండు నిమిషాలు నిలబడండి.

చివరగా చేలోకి వద్దాం. యాంగ్జీ వాళ్లు వరిని మచ్చిక చెయ్యడం పూర్తి చేసేశారు. చేనంతా ఒక్కసారి పండుతుంది, ఒక్కసారి కోస్తాం. మన పెసర అలా కాదు. ఒకే మొక్క మీద పువ్వు, పిందె, పచ్చికాయ, ఎండుకాయ నాలుగూ ఉంటాయి. ఎండుకాయ వేడికి మెలితిరిగి టప్పున పేలి గింజ దూరంగా విసిరేస్తుంది, అచ్చం అడవిలో ఉన్నట్టే. మన మెట్ట పూర్వీకులు మొదలుపెట్టిన పని సగంలో ఉందన్నమాట. వరి మీద పెట్టినంత పరిశోధన డబ్బు పప్పుధాన్యాల మీద పెట్టి ఉంటే ఈపాటికి అయిపోయేది. లాం ఫారం వాళ్లు మినుములో ఎల్‌బీజీ రకాలు ఇచ్చారు, మంచి పనే, కానీ పల్లాకు తెగులు వచ్చిన ఏడు ఎకరాకు నాలుగు బస్తాలు ఆశపడి ఒకటిన్నరతో తిరిగొచ్చినవాళ్లు మనలో ఎంతమంది లేరు! వరి పోతే పంట పోయిందంటాం. పెసర పోతే 'పోన్లే, పైపంటే కదా' అంటాం. ఈ చేలో దక్కను గింజ అదొక్కటే.

ఈ వారం ఎండ ముదురుతోంది. పెసర రెండో ఏరుడు మిగిలి ఉన్నవాళ్లు పొద్దున్నే, కాయ మీద మంచు తడి ఆరకముందే కానిచ్చుకోండి. తొమ్మిది దాటితే చెయ్యి తగలగానే పేలుతుంది.